మూడో బొమ్మ

ఉన్ని వాసన.

తడిసిన గొర్రె వాసన, పొగ వాసన, వేళ్ళకంటిన జిడ్డు వాసన. కదురు తిరుగుతోంది. ఆగుతోంది. మళ్ళీ తిరుగుతోంది.

బయట సబీనుల కొండల మీద మంచు పడుతోంది. లోపల వంటింట్లో పొయ్యి మండుతోంది. పొయ్యి పైన గోడలో ఒక గూడు. గూట్లో ఆ ఇంటి ఇలవేల్పు.

కంచు కుర్రవాడు. జానెడైనా ఉండడు. మోకాళ్ళు దాటని అంగీ, చేతిలో పైకెత్తిన ద్రాక్షసారా కొమ్ము, మునివేళ్ళ మీద నిలిచిన కాలు. ఎప్పుడు చూసినా ఆట మధ్యలోనే ఉంటాడు. ఎందుకు ఆడుతున్నాడో, ఎప్పుడు ఆపుతాడో ఎవరికీ తెలియదు.

హెడియా ఆ గూటి కిందే పుట్టింది. వాళ్ళమ్మ ఈ ఇంటి వంటమనిషి, బానిస. అమ్మ బానిస కాబట్టి హెడియా బానిస. హెడియా బానిసగా ఉండగా కన్నది కాబట్టి ఆమె కూతురు మికా కూడా బానిసే. ఇందులో ఎవరూ విడ్డూరపడాల్సింది లేదు.

విడ్డూరం ఈ ఏడు ద్రాక్షలు కోశాక జరిగింది.

ఇంటి యజమాని టెట్టియస్ ఆమెను రెయాటే పట్నానికి తీసుకెళ్ళాడు. న్యాయాధికారి ముందు నిలబెట్టాడు. ఎవరో ఒకాయన సన్నటి బెత్తంతో ఆమెను తాకాడు. టెట్టియస్ ఆమె చెయ్యి పట్టుకుని, గుండ్రంగా ఒక్కసారి తిప్పి వదిలేశాడు.

అంతే.

తిరగకముందు వస్తువు. తిరిగాక స్వతంత్రురాలు, మనిషి. గుండ్రంగా తిరిగినందుకో, మరెందుకో, ఆమెకు కళ్ళు తిరిగాయి.

ఆ రోజు నుంచి ఆమె టెట్టియా హెడియా. యజమాని ఇంటిపేరు వచ్చి ఆమె పేరు పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఇదంతా టెట్టియస్ మంచితనం అనుకుంటే పొరపాటు. అతని తల్లి వరేనా పెట్టిన పోరు. ముసలమ్మకు చూపు పోయి చాలాకాలమైంది. లేపాలన్నా హెడియాయే, నడిపించాలన్నా హెడియాయే. నా కళ్ళయిన మనిషి ఇంకొకరి సొత్తుగా ఉండటమేమిటని ఆవిడ కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరకు టెట్టియస్ సరేనన్నాడు.

మరి మికా?

“చూద్దాంలే,” అన్నాడు.

ఆ చూద్దాంలే ఇంకా చూస్తూనే ఉంది.

*

మికా అంటే వాళ్ళ భాషలో రొట్టె నలుసు. పుట్టినప్పుడు అంతే ఉండేది. ఇప్పుడు వంటింట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తేంత అయింది. మాటలు మాత్రం పెరట్లో కోడిపెట్టలకన్నా ఎక్కువ.

ఆ ఇంట్లో అన్నిళ్ళలోలాగే ఒక పద్ధతి ఉంది. తింటున్నప్పుడు చేతిలోంచి జారిపడ్డ ముక్క ఇలవేల్పుది. దాన్ని ఊదకూడదు. దులపకూడదు. తిరిగి నోట్లో పెట్టుకోకూడదు. పడ్డది పడ్డట్టు తీసి, ఆయన ముందు పొయ్యిలో వెయ్యాలి.

మికా కావాలని పడేసేది.

కాస్త కొరికి, కాస్త జారవిడిచి, ఏమీ ఎరగనట్టు గూటి వైపు చూసేది. ఎందుకే అని గద్దిస్తే, ఆయన పొద్దుటినుంచీ గెంతుతూనే ఉన్నాడు, ఆకలెయ్యదా అనేది. హెడియా నవ్వు ఆపుకుని ఆ ముక్క నిప్పుల్లో వేసేది. మంట ఒక్కసారి లేచేది. తల్లీ కూతురూ ఆ మంట వంక చూస్తూ కూర్చునేవారు. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు గగుర్పొడిచేది హెడియాకు. ఇంత చిన్న చేతిలోంచి పడ్డది అంత పెద్దవాళ్ళకు చేరుతుందా అని.

ఇప్పుడు ఏమీ పడటం లేదు.

మికా తినడం లేదు. పొయ్యి పక్కన గొర్రెతోలు మీద పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పెదవులు ఎండిపోయాయి. జావ పోస్తే పక్కనుంచి కారిపోతోంది. పెట్టాల్సిన ఆకు పసర్లు పెట్టారు, కట్టాల్సిన తాయెత్తు కట్టారు. జ్వరం మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా కదలడం లేదు.

అదే సమయానికి కూడలి పండగ వచ్చింది.

*

ఇలవేల్పు ఇంట్లో ఉన్నంతసేపూ చుట్టమే. పొయ్యి సెగకు కాచుకుంటాడు. మొదటి ముద్ద తింటాడు. దండ వేస్తే వేయించుకుంటాడు, మర్చిపోతే అలుగుతాడు, మళ్ళీ వేస్తే ఊరుకుంటాడు.

కూడలిలో అలా కాదు.

నాలుగు పొలాల గట్లు కలిసే చోట, నాలుగు దారులు కలిసే చోట, నాలుగు వైపులా వాకిళ్ళున్న చిన్న గుడి ఉంది. అక్కడ ఇద్దరు వేల్పులు. అదే అంగీ, అదే కొమ్ము, అదే ఎత్తిన కాలు. మొహాలు మాత్రం వేరు. ఎవరో తెలిసినట్టే ఉంటారు, పలకరించబోతే తెలియనట్టు ఉంటారు. గుడి చూరుకు విరిగిన కాడులు వేలాడుతుంటాయి. దున్నకాలు ముగిశాక రైతులు వాళ్ళకిచ్చినవి.

ఏడాదికొకసారి, నడి చలికాలంలో, ఆ ఇద్దరూ తలలు లెక్కపెడతారు.

ఏ ఇంట్లో ఎందరున్నారు. ఎవరిని ఉంచాలి. ఎవరిని తీసుకుపోవాలి.

అందుకే ముందే లెక్క చెప్పుకోవాలి. స్వతంత్రులకు తలకొక ఉన్ని బొమ్మ. కాళ్ళు, చేతులు, కళ్ళు, అన్నీ ఉన్న బొమ్మ. బానిసలకు తలకొక ఉన్ని ఉండ. ఉత్త ఉండ. వాటిని చూరుకు కట్టి వేడుకుంటారు. స్వామీ, ఇవి తీసుకోండి, బతికున్నవాళ్ళను వదిలెయ్యండి.

బొమ్మలు కట్టేటప్పుడు యజమాని పేరు పిలుస్తాడు. ఉండలకు పేర్లు పిలవరు. సంఖ్య సరిపోతే చాలు.

ఆ ఇంట్లో బొమ్మలూ ఉండలూ చేసేది ఎప్పుడూ హెడియాయే. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని చేసింది. తల్లి పోయాక తానొక్కతే చేసింది. తనకని ఒక ఉండ. మికా పుట్టాక దానికొక ఉండ. అన్నీ ఒకే లావు. ఒక ఉండ పక్కన ఇంకో ఉండ చిన్నబోకూడదని ఆమె పట్టింపు.

హిలారుస్‌కు కూడా అలాగే చేసింది.

హిలారుస్ అంటే మికా తండ్రి. ఎడ్లు తోలేవాడు. ఆ పేరుకు ఉల్లాసవంతుడని అర్థం, దానికి తగ్గట్టు ఎప్పుడూ నవ్వుతుండేవాడు. పోయిన పండగకు అతని ఉండ కూడా చూరుకు వేలాడింది. దారం తెగలేదు. గాలికి రాలలేదు. లెక్క పొల్లుపోలేదు.

వసంతం రాకుండానే అతను దగ్గి దగ్గి పోయాడు.

ఆ రోజు నుంచి హెడియా ఒకటే ఆలోచించింది. లెక్క సరిగ్గానే ఉందే. మరెందుకు తీసుకుపోయారు?

పప్పు ఏరుతూ ఆలోచించింది. నీళ్ళు మోస్తూ ఆలోచించింది. వరేనా తల దువ్వుతూ ఆలోచించింది. ఒకరోజు ఉండ చుడుతుండగా చేతులు ఆగిపోయాయి.

దీనికి ముఖం లేదు.

ముఖం లేనిదాన్ని చూసి ఎవరిదని తెలుసుకుంటారు వాళ్ళు? ఉండలన్నీ ఒకటే. ఒకదానికి బదులు ఇంకొకటి అనుకుని ఉంటారు. పాపం, వాళ్ళ తప్పు కాదు. బొమ్మకు కళ్ళున్నాయి. కళ్ళున్నదాన్ని గుర్తుపడతారు. కళ్ళున్నదాని పేరు విని వదిలేస్తారు.

ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగనూలేదు. అడిగితే ఏమంటారోనని భయం. నిజమంటారేమోనని ఇంకా భయం.

*

ఈ ఏడు తనకూ ఒక బొమ్మ.

ద్రాక్షల కాలం నుంచీ ఆ మాటే మనసులో పెట్టుకుని తిరిగింది. ఎలా చెయ్యాలో ఎన్నిసార్లు ఊహించుకుందో. మంచి తెల్ల ఉన్ని. నల్ల దారంతో కళ్ళు. నడుముకు ఎర్ర దారం. తనకు మొదటిసారి ముఖం.

టెట్టియస్ బొమ్మ అయింది. వరేనా బొమ్మ అయింది. ఉండలన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప.

అప్పుడు తన బొమ్మకు కూర్చుంది. ఉన్ని పేనింది. మెడ దగ్గర కట్టింది. చేతులు తీసింది. కాళ్ళు తీసింది.

పొయ్యి పక్కన మికా మూలిగింది.

హెడియా తల తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గూటి వైపు చూసింది. కంచు కుర్రవాడు కాలెత్తి నిలబడే ఉన్నాడు. ఏమీ చెప్పలేదు. వద్దని కూడా అనలేదు.

ఆమె ముడి విప్పింది.

ఉన్నిలో సగం తీసేసింది. మళ్ళీ పేనింది, చిన్నగా. మళ్ళీ కట్టింది, చిన్నగా. చిన్న చేతులు. చిన్న కాళ్ళు. నల్ల దారంతో రెండు కళ్ళు కుట్టింది. ఒక కన్ను కాస్త పైకి వచ్చింది. మికా ఏదైనా అల్లరి చేసి దొరికిపోయినప్పుడు అలాగే చూస్తుంది.

మిగిలిన ఉన్నిని ఉండ చుట్టింది. మిగతావాటితో సమానంగా. బుట్టలో వాటి మధ్య పడేసింది.

  దేవుళ్ళ లెక్కలో తనను తాను మళ్ళీ బానిసగా రాసిచ్చుకుంది. ఎవరూ తిప్పకుండానే వెనక్కి తిరిగిపోయింది.

*

బుట్ట తీసుకెళ్ళడానికి డామా వచ్చాడు. పొలం పనులన్నీ చూసే మేస్త్రీ అతను. బట్టతల, పెద్ద గొంతు, ఆ ఇంట్లో అందరికన్నా పాత బానిస. హెడియా విడుదలైనప్పటినుంచి ఆమెను ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్నాడు.

“ఏమండీ టెట్టియా గారూ, తమ బొమ్మకి ముక్కు కూడా పెట్టారా, లేక మాలాంటోళ్ళ మీద దయతల్చి వదిలేశారా?”

“పెట్టాన్లే. నీదాంట్లో సగం పెట్టినా బొమ్మ బోర్లా పడేది.”

డామా నవ్వుకుంటూ బుట్టలో వేలు పెట్టి లెక్క చూసుకున్నాడు. పోయినేటికన్నా ఒక బొమ్మ పెరగాలి. పెరిగింది. ఉండలు ఆమె వంతు తగ్గాలి, హిలారుస్ వంతు తగ్గాలి. తగ్గాయి. అంతా సరిపోయిందని చెప్పి, పంది పిల్లను కట్టడానికి వెళ్ళిపోయాడు.

వరేనా అలా వెళ్ళలేదు. బుట్ట తన ఒళ్ళో పెట్టమంది. ముసలి వేళ్ళు బొమ్మలను ఒక్కొక్కటే తడిమాయి. కొడుకు బొమ్మ. తన బొమ్మ. మూడోదాని దగ్గర వేళ్ళు ఆగాయి.

“చిన్నదిగా ఉందే.”

“ఉన్ని చాల్లేదు, అమ్మగారూ.”

 ముసలమ్మ ఆ చిన్న చేతులను మళ్ళీ తడిమింది. చిన్న కాళ్ళను తడిమింది. తర్వాత ఒక ఉండ తీసి అరచేతిలో పెట్టుకుని, బరువు చూసింది. ఆ ఇంట్లో ఉన్ని ఎప్పుడూ చాలకపోవడమంటూ లేదు. గది నిండా ఉంది. ఆ సంగతి చూపులేని ఆవిడకు అందరికన్నా బాగా తెలుసు.

బుట్ట తిరిగి ఇచ్చేసింది.

*

పొద్దు వాలుతుండగా బయలుదేరారు. మికాను గూటి కింద పడుకోబెట్టి, ఇప్పుడు వంట చూసే, అంత దూరం నడవలేని ముసలి బానిసను పక్కన కూర్చోబెట్టారు. హెడియా వరేనా చెయ్యి పట్టుకుని నడిచింది. ముందు టెట్టియస్. వెనక డామా, పంది పిల్ల, తేనె రొట్టెల తట్ట, పనివాళ్ళంతా.

మంచు ఆగింది. నేల తెల్లగా ఉంది. ఆకాశం బూడిద రంగు.

కూడలికి మిగతా మూడు దారుల్లోంచి మిగతా మూడు ఇళ్ళవాళ్ళు అప్పటికే వచ్చేశారు. వాళ్ళ బొమ్మలూ ఉండలూ వాళ్ళ వైపు చూరుకు వేలాడుతున్నాయి. ఇక మిగిలింది టెట్టియస్ ఇల్లే. అందరూ చేతులు రుద్దుకుంటున్నారు. రొట్టెల వాసనకు కడుపులు అరుస్తున్నాయి. ఎప్పుడూ ఆఖరున వచ్చేది మీరేనయ్యా అని ఎవరో దెప్పారు. ముసలమ్మను నడిపించుకురావాలి కదా అని టెట్టియస్ తల్లి మీదికి నెట్టేశాడు.

పంది పిల్లను బలి ఇచ్చారు. నిప్పుల మీద సాంబ్రాణి పడింది.

టెట్టియస్ పైబట్ట తల మీదికి లాక్కున్నాడు. పూజ చేసేవాడి చెవిన అపశకునం పడకూడదు. అందుకే పిల్లనగ్రోవి ఊదేవాడు పక్కన నిలబడి, రెండు గొట్టాలు నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించి ఆపకుండా ఊదాడు. ఆ పాట నడుస్తున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. దగ్గు వచ్చినా మింగాలి. ఒక్క పరాయి మాట దొర్లిందా, పూజ చెడినట్టే. మొదటినుంచీ మళ్ళీ చెయ్యాల్సిందే.

ముందు ఉండలు. డామా ఒక్కొక్కటే కట్టాడు. పేర్లు లేవు. ఉండ వెనక ఉండ చూరుకు చేరాయి. ఒకసారి కట్టాక విప్పకూడదు. కట్టింది వాళ్ళది.

హెడియా కళ్ళు తిప్పకుండా చూసింది. తనది ఎప్పుడు వెళ్ళిందో కనిపెట్టలేకపోయింది.

తర్వాత బొమ్మలు. టెట్టియస్ మొదటి బొమ్మ కట్టి తన పేరు చెప్పాడు. రెండో బొమ్మ కట్టి తల్లి పేరు చెప్పాడు.

మూడో బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

దీని కోసమే అతను ఇంటి దగ్గర అద్దం ముందు బట్టలు సవరించుకుని వచ్చాడు. బానిసను విడుదల చేసిన యజమాని. చుట్టుపక్కల మూడు ఇళ్ళవాళ్ళూ వినాలి. గొంతు పెంచాడు.

“టెట్టియా —”

పిల్లనగ్రోవి మోగుతూనే ఉంది. ఆ పేరు అతని నోట్లోంచి పూర్తిగా వచ్చేస్తే, ఆ బొమ్మ హెడియాది అయిపోతుంది. మికాకు మిగిలేది ముఖం లేని ఉండ. హిలారుస్‌కు మిగిలినట్టు.

“అది నాది కాదు.”

ఎవరో అన్నారు. అన్నది తానేనని హెడియాకు తర్వాత తెలిసింది.

పాట ఆగిపోయింది.

*

పూజ చెడింది.

అందరూ మంచు మీద కాలు కదపడానికి కూడా జంకారు. కుక్కలు ఊరుకున్నాయి. సాంబ్రాణి పొగ నిటారుగా పైకి లేచి, చూరును తాకి, బొమ్మల మధ్య, ఉండల మధ్య మెల్లగా తిరిగింది. ఎవరో వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతున్నట్టు.

గుడిలో ఆ ఇద్దరూ కాలెత్తి నిలబడే ఉన్నారు.

 హెడియా పుట్టినప్పటినుంచి తలవంచుకుని మాట్లాడింది. తల ఎత్తి పదిమందిలో అన్న మొదటి మాట ఇదే. దేవుళ్ళ ముందు, అనకూడని వేళ.  ఐనా లోపల ఎక్కడో ఒక వింత వెలుగు. వాళ్ళు విన్నారు. ఎవరు విన్నా వినకపోయినా, వాళ్ళు విన్నారు.

టెట్టియస్ ముసుగు కింద నుంచి తగ్గు గొంతుతో అడిగాడు.

“మరి ఎవరిది?”

“మికాది, అయ్యగారూ.”

“నీదేది?”

“అదిగో, ఆ ఉండల్లో ఉంది.”

టెట్టియస్ చూరు వంక చూశాడు. చేతిలో బొమ్మ వంక చూశాడు. చిన్న చేతులు, చిన్న కాళ్ళు, పైకి పోయిన ఒక కన్ను. అప్పుడుగానీ చూడలేదు దాన్ని.

అతను చెడ్డవాడు కాదు. గొప్పవాడూ కాదు. దేవుళ్ళంటే మాత్రం నిజంగా భయం. ఆ భయం ఇప్పుడు కాళ్ళలోంచి పైకి పాకింది. బానిస పిల్ల పేరున బొమ్మ కడితే, స్వతంత్రురాలైన పిల్ల కోసం ఇంట్లో వెతుకుతారు వాళ్ళు. దొరక్కపోతే ఉన్నవాళ్ళలోంచి ఒకరిని పట్టుకుపోతారు. ఉన్నది తను, తల్లి. పోనీ హెడియా పేరునే కడదామంటే, కాదని ఆమె వాళ్ళ చెవిన వేసేసింది. తెలిసి అబద్ధం కట్టినట్టు. అసలు కట్టకపోతే ఒక తల తక్కువ. నాలుగు దారుల మధ్య నిలబడ్డాడు పాపం. వెళ్ళడానికి ఒక్క దారీ లేదు.

తల్లి వైపు తిరిగాడు, చిన్నపిల్లాడిలా.

“అమ్మా, ఏం చెయ్యను?”

“నన్నడుగుతావేంట్రా. దాన్ని చేసిన చేతికి తెలుసు అదెవరిదో. ఆ ఇద్దరికీ తెలుసు. తెలియంది నీ ఒక్కడికే.”

“ముందే తెలుసా నీకు?”

“నాకు కళ్ళు లేవు,” అంది వరేనా. 

పక్క ఇంటివాళ్ళలో ఒక లావుపాటాయన రొట్టెలు చల్లారిపోతున్నాయని సణిగాడు. ఎవరూ నవ్వలేదు. అన్నందుకు ఆయనే కంగారుపడి నోరు మూసుకున్నాడు.

టెట్టియస్ బొమ్మను బుట్టలో పెట్టాడు. పిల్లనగ్రోవివాడికి సైగ చేశాడు.

మళ్ళీ మొదటినుంచీ.

*

మళ్ళీ సాంబ్రాణి. మళ్ళీ ముసుగు. మళ్ళీ పాట.

కట్టినవాటిని విప్పలేదు. ఒక్కో ఉండనూ వేలితో తాకి డామా లెక్క మళ్ళీ ఒప్పజెప్పాడు.  వాటిల్లో హెడియా ఉందని అతనికి ఇప్పుడు తెలుసు. ఏది తాకినా ఆమెనే తాకుతున్నట్టు, మెత్తగా తాకాడు.

టెట్టియస్ తన బొమ్మను తాకి తన పేరు చెప్పాడు.

తల్లి బొమ్మను తాకి తల్లి పేరు చెప్పాడు.

మూడో బొమ్మ తీసుకున్నాడు. దారం చూరుకు చుట్టాడు. ముడి వేశాడు. చెయ్యి తియ్యలేదు.

 ఈసారి హెడియా ఆపలేదు. రెండోసారి ఆపే ధైర్యం ఏ మనిషికీ ఉండదు. ఇప్పుడు అతను ఏ పేరు అంటే అదే.

“టెట్టియా,” అన్నాడు.

పాట మోగుతోంది. పొగ తిరుగుతోంది. ఆ ఒక్క ఇంటిపేరు గాలిలో ఆగి ఉంది, ఎవరి మీద వాలాలో తెలియక. కూతురి మీదా. తల్లి మీదా.

“టెట్టియా మికా.”

అన్నాడు.

నాలుగు ఇళ్ళవాళ్ళు విన్నారు. ఇంటిపేరిచ్చి పదిమంది ముందు పిలిచాడంటే పిల్లను వదిలేసినట్టే. ఇక మీదట కాదనడానికి లేదు. దయతో అన్నాడా? కాదు. భయంతో అన్నాడు. భయంతో అన్నా ఆ మాట మాటే. హెడియా మంచులో కూలబడింది. ఏడ్చింది. శబ్దం రాకుండా ఏడ్చింది, పూజ మళ్ళీ చెడకూడదు కదా.

ఇంటి దగ్గర, గూటి కింద, తన పేరు పెరిగిందని తెలియని పిల్ల ఎలా ఉందో. కళ్ళు తెరిచిందో. జావ తాగిందో. ఎవరు చెబుతారు. బొమ్మకు కళ్ళున్నాయి, వాళ్ళు చూస్తారు. ఆమె చెయ్యగలిగింది అంతవరకే.

*

పాట ముగిసింది. మనుషులు మళ్ళీ మనుషులయ్యారు. రొట్టెలు పంచుకున్నారు. ద్రాక్షసారా పోసుకున్నారు. ఆ రోజు బానిసలకూ కావలసినంత పోస్తారు.

డామా తాగలేదు. గిన్నె చేత్తో పట్టుకుని వచ్చి హెడియా పక్కన చూరు కింద నిలబడ్డాడు. టెట్టియా గారూ అని పిలవలేదు.

“పిచ్చిదానా. ఏడాదంతా ముఖం లేకుండా ఉంటావా వాళ్ళ లెక్కలో?”

“మీరంతా లేరూ?”

  డామా తన పెద్ద గొంతు తగ్గించి అడిగాడు, నీదేదో చూపించు, దారం గట్టిగా ఉందో లేదో చూస్తానని.

హెడియా తల ఎత్తింది.

ఉండలు. అన్నీ ఒకే లావు. అన్నీ ఒకే తెలుపు. ఒకటి చిన్నబోకూడదని తను ఇన్నేళ్ళూ పట్టిన పట్టు. ఈ చివరిది అనుకుంది. కాదు. ఆ మధ్యదేమో. కాదు. తన చేతుల్తో చేసింది, తనకే తెలియడం లేదు.

ఒక్కసారిగా భయమేసింది ఆమెకు. ఇప్పటిదాకా మికా కోసం వేసిన భయం వేరు. ఇది తన కోసం. వీటిలో ఎవరిని తీసుకుపోతారో, ఎవరిని వదిలేస్తారో. తనదీ డామాదీ ఒకటే. డామాదీ ఆ వంట ముసల్దానిదీ ఒకటే. చీకటిపడే వేళ ఎవరో వచ్చి చెయ్యి చాపితే, ఆ చేతికి అందింది ఏదైనా అందరిదీ.

ఆ భయంలోనే ఇంకేదో ఉంది. పెద్దది. పొయ్యిలో మికా పడేసిన ముక్క భగ్గున లేచినప్పుడు కలిగేది. ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

“తెలియదు, డామా,” అంది.

వరేనా వెనకనుంచి చెయ్యి చాపి ఆమె భుజం వెతుక్కుంది. పిల్ల దగ్గరికి పోదాం పద అంది. కొండ మీదనుంచి గాలి దిగుతోంది. ముసలమ్మ చెవి రిక్కించింది.

“ఊగుతున్నాయా?”

“ఊగుతున్నాయి, అమ్మగారూ.”

“ఏవి?”

హెడియా చూసింది. చిన్న చేతులు చాపిన మూడో బొమ్మను చూసింది. దాని పక్కన ఆ తెల్లటి ఉండలను చూసింది.

“అన్నీ,” అంది.

ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది.